కమిట్ పడితే మెయిల్ రావాలి: ఎవరికి ఏ పద్ధతి నయం?

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి మేము కాటా బిల్లుల సాఫ్ట్‌వేర్ రాసిచ్చాం. సీజన్ వచ్చిందంటే తోతాపురి లోడుతో ట్రాక్టర్లు రాత్రంతా వరసలో నిలబడి ఉంటాయి. నిండు బండి బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేయాలి, మిగిలినదానికి రేటు కట్టాలి, చీటీ కొట్టాలి. లెక్క ఇంతే. కానీ ఆ లెక్కలో ఒక్క లైను మారినా రైతు చేతికి వెళ్లే చీటీ మారిపోతుంది. అందుకే ఆ ప్రాజెక్టులో ఎవరు కోడ్ మార్చినా తిరుపతి ఆఫీసులో ఉన్న మా నలుగురికీ, ఫ్యాక్టరీ దగ్గర ఉండి చూసుకునే మా కుర్రాడికీ మెయిల్ వెళ్లేలా పెట్టుకున్నాం.

ఒక సీజన్‌లో ఆ మెయిళ్లు తొమ్మిది రోజులు ఆగిపోయాయి. ఎవరికీ అనుమానం కూడా రాలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే కిలోల రౌండింగ్‌ను మార్చిన కమిట్ (రికార్డు చేసి దాచిన కోడ్ మార్పు) ఒకటి వెళ్లింది. చీటీలో తేడా ఉందని ఒక రైతు నిలదీశాక గానీ మాకు తెలియలేదు. ఫోన్ చేసి అడిగితే మా కుర్రాడు, "మెయిల్ రాలేదు గదా, ఎవురూ ఏం మార్చలేదనుకుంటి నా" అన్నాడు. అతను అనుకున్నదాంట్లో తప్పు లేదు. మెయిల్ రాకపోతే మార్పు లేనట్టే అని మేమే అందరికీ చెప్పి ఉన్నాం.

కారణం తర్వాత దొరికింది, కింద చెప్తాను. అప్పటి నుంచి మాత్రం ఏ పద్ధతి చూసినా ముందు ఒకటే అడుగుతున్నాను: ఇది నిశ్శబ్దంగా ఆగిపోతే నాకు ఎలా తెలుస్తుంది? దీంతోపాటు ఇంకో మూడు సంగతులు తేల్చుకుంటే ఎంపిక సగం అయిపోయినట్టే. మీ కోడ్ ఎక్కడ ఉంది, ఆ మెయిల్ ఎవరు చదువుతారు, చెడిపోతే బాగుచేసే మనిషి ఎవరు.

లాప్‌టాప్‌లో హుక్ పెట్టడం

మొదటిసారి ప్రయత్నించేవాళ్లు ఎక్కువగా పట్టుకునేది ఇదే. కోడ్ మార్పుల చరిత్రను దాచే సాఫ్ట్‌వేర్ గిట్, అది ఒక ప్రాజెక్టు కోసం పెట్టుకునే నిల్వ రిపో. ఆ రిపోలో హుక్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో పోస్ట్-కమిట్ అనే పేరుతో స్క్రిప్ట్ పెడితే, కమిట్ అయిన మరుక్షణం అది నడుస్తుంది. పది నిమిషాల పని, చూడటానికి బాగుంటుంది. టీమ్ పనికి మాత్రం నేను వద్దంటాను.

రిపోను క్లోన్ చేస్తే (మన లాప్‌టాప్‌లోకి కాపీ దించుకుంటే) హుక్స్ దాంతోపాటు రావు. అంటే ప్రతి ఒక్కరి లాప్‌టాప్‌లోనూ విడివిడిగా పెట్టాలి. కొత్తగా చేరిన ట్రైనీ లాప్‌టాప్‌లో పెట్టడం మర్చిపోతే, అందరికంటే ఎక్కువ కనిపెట్టి చూడాల్సిన మనిషి కమిట్లే మనకు కనిపించకుండా పోతాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. కమిట్ అయినంత మాత్రాన కోడ్ అందరి దగ్గరికీ చేరినట్టు కాదు. పుష్ చేయకముందే, అంటే కమిట్‌ను సర్వర్‌కు పంపకముందే, మెయిల్ వెళ్లిపోతుంది. ఆ తర్వాత కమిట్ చేసినవాళ్లు అమెండ్ చేసినా, రీబేస్ చేసినా (రెండూ కమిట్‌ను తిరగరాయడమే) మెయిల్‌లో ఉన్న కమిట్ సర్వర్‌లో ఎక్కడా దొరకదు. నాలుగు మెయిళ్లు అలా వచ్చాయంటే ఐదో మెయిల్‌ను ఎవరూ తెరవరు.

ఇక్కడ ఒక గందరగోళం గురించి చెప్పాలి. గిట్ లాంటి పనే చేసే పాత సాఫ్ట్‌వేర్ సబ్‌వర్షన్‌లో కూడా పోస్ట్-కమిట్ అనే హుక్ ఉంది. పేరు ఒకటే గానీ అది నడిచేది సర్వర్‌లో, ఎందుకంటే అక్కడ కమిట్ చేయడమంటేనే సర్వర్‌కు పంపడం. మన కాలేజీ ల్యాబుల్లో, పాత ప్రభుత్వ ప్రాజెక్టుల్లో సబ్‌వర్షన్ మీద పనిచేసి వచ్చినవాళ్లు గిట్‌లోనూ అదే పేరున్న హుక్ పట్టుకుని పొరబడుతుంటారు. గిట్‌లో ఆ పనికి సరైనది సర్వర్ వైపు ఉండే పోస్ట్-రిసీవ్.

గిట్‌హబ్, గిట్‌ల్యాబ్‌లో ఉన్న సదుపాయం

గిట్‌హబ్, గిట్‌ల్యాబ్ అనేవి గిట్ రిపోలను ఉంచుకునే వెబ్‌సైట్లు. కోడ్ గిట్‌హబ్‌లో ఉంటే స్క్రిప్ట్ జోలికి పోకముందే రిపో సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూడండి. అక్కడ ఈమెయిల్ నోటిఫికేషన్స్ అని ఒక పేజీ ఉంది. అడ్రస్ ఇచ్చి సేవ్ చేస్తే చాలు, ప్రతి పుష్‌కీ మెయిల్ వస్తుంది. ఏ బ్రాంచ్ (కోడ్‌లో విడిగా నడిచే పాయ), ఎవరు చేశారు, ఏ ఫైళ్లు మారాయి, కమిట్ మెసేజ్ ఏమిటి అన్నవి అందులో ఉంటాయి. మారిన లైన్లు చూడాలంటే లింక్ నొక్కాలి. ఈ పేజీ కనిపించాలంటే రిపో మీద అడ్మిన్ హక్కు ఉండాలి.

రిపోను వాచ్‌లో పెట్టుకుంటే ఇవే మెయిళ్లు వస్తాయని చాలామంది అనుకుంటారు. వాచ్ చేస్తే ఇష్యూలు (సమస్యల మీద చర్చలు), పుల్ రిక్వెస్టులు (మార్పును కలపమనే విన్నపాలు), రిలీజుల గురించి తెలుస్తుంది. నేరుగా మెయిన్ బ్రాంచ్‌కు చేసిన ప్రతి పుష్‌కీ మెయిల్ రాదు.

గిట్‌హబ్‌లో ఒక పరిమితి ఉంది, రెండు అడ్రసులకు మించి ఇవ్వలేం. ఐదుగురు ఉంటే ఎలా అని ఆగిపోనక్కర్లేదు. ఒక గూగుల్ గ్రూప్ పెట్టి, ఆ గ్రూప్ అడ్రస్ ఒక్కటే ఇవ్వండి. ఎవరైనా మానేసినా, కొత్తవాళ్లు చేరినా గ్రూప్‌లో మారిస్తే సరిపోతుంది, రిపో సెట్టింగ్స్ ముట్టుకోనక్కర్లేదు. గ్రూప్‌కు బయటి నుంచి మెయిల్ వచ్చే అనుమతి ఇచ్చామా లేదా అన్నది ఒకసారి చూసుకోవాలి. లేదంటే గిట్‌హబ్ పంపిన మెయిల్‌ను గ్రూపే తిప్పికొడుతుంది.

గిట్‌ల్యాబ్‌లో ఈ సదుపాయం ఇంటిగ్రేషన్స్ కింద, ఈమెయిల్స్ ఆన్ పుష్ అన్న పేరుతో ఉంటుంది. నా అభిప్రాయంలో ఇది గిట్‌హబ్ కంటే ఒక మెట్టు పైనే ఉంది. ఎక్కువ అడ్రసులు ఇవ్వొచ్చు. అన్ని బ్రాంచ్‌లకా, డీఫాల్ట్ బ్రాంచ్‌కు మాత్రమేనా, ప్రొటెక్టెడ్ బ్రాంచ్‌లకు మాత్రమేనా అని ఎంచుకోవచ్చు. మారిన కోడ్ మొత్తం మెయిల్‌లోనే కనిపిస్తుంది, వద్దనుకుంటే ఆపేయొచ్చు.

ఆ ఆపేసే ఆప్షన్ వాడమనే నేను చెప్తాను, ముఖ్యంగా క్లయింట్ల పని చేసేవాళ్లకు. ఎవరైనా తొందరలో డేటాబేస్ పాస్‌వర్డ్‌ను కోడ్‌లోనే రాసి పుష్ చేశారనుకోండి. రిపోలో దాన్ని తీసేయడానికి దారులు ఉన్నాయి. పది ఇన్‌బాక్సుల్లోకి వెళ్లిపోయిన మెయిల్‌ను వెనక్కి తీసుకోలేం. తిరుపతిలో లాడ్జీల బుకింగ్ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ల దగ్గర యాత్రికుల ఫోన్ నంబర్లు, ఆధార్ కాపీలు ఉంటాయి. అలాంటి డేటాబేస్ తాళం మెయిల్‌లో తిరగకూడదు.

సొంత సర్వర్ ఉంటే

కోడ్ బయటికి వెళ్లకూడదని కొన్ని కంపెనీలు, యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్లు సొంత సర్వర్‌లోనే గిట్ పెట్టుకుంటాయి. వీళ్లకు పోస్ట్-రిసీవ్ హుక్ దారి. పుష్ వచ్చి సర్వర్‌లో చేరాక అది ఒకసారి నడుస్తుంది. ఒక్కో బ్రాంచ్‌కు ఒక్కో లైను చొప్పున మూడు ముక్కలు దానికి అందుతాయి: పాత కమిట్ నంబర్, కొత్త కమిట్ నంబర్, బ్రాంచ్ పేరు. ఈ మూడింటితో మెయిల్ తయారుచేయడం సులువే అనిపిస్తుంది. మేమూ మొదట ఇరవై లైన్ల షెల్ స్క్రిప్ట్ రాసుకున్నాం.

అది ఎక్కడ తెగుతుందో చెప్తాను. కొత్త బ్రాంచ్ పుష్ చేస్తే పాత నంబర్ స్థానంలో అన్నీ సున్నాలు వస్తాయి. పాతదాని నుంచి కొత్తదాకా చూపించు అని రాసిన కమాండ్ అక్కడ ఎర్రర్ ఇస్తుంది. బ్రాంచ్ తీసేస్తే సున్నాలు రెండోవైపు వస్తాయి. ఫీచర్ బ్రాంచ్‌లో అప్పటికే మెయిల్ వెళ్లిన కమిట్లు మెయిన్‌లో మెర్జ్ అయితే (కలిస్తే) మళ్లీ అన్నింటికీ మెయిళ్లు పోతాయి. ఒక్కొక్కటీ సర్దుకుంటూ పోతే స్క్రిప్ట్ రెండు వందల లైన్లు దాటుతుంది, దాన్ని రాసినవాడు తప్ప ఇంకెవరూ చదవలేరు.

అందుకని సొంతంగా రాసుకోవద్దు. గిట్ మల్టీమెయిల్ అనే పైథాన్ స్క్రిప్ట్ ఉంది, దాన్నే తెచ్చుకోండి. పైన చెప్పిన చిక్కులన్నీ అది చూసుకుంటుంది. పుష్ మొత్తానికి ఒక సారాంశం మెయిల్, కొత్తగా వచ్చిన ఒక్కో కమిట్‌కు ఒక మెయిల్ పంపుతుంది. ఏ మెయిళ్లు ఎవరికి వెళ్లాలో వేరువేరుగా చెప్పుకోవచ్చు. మేనేజర్‌కు సారాంశం, రివ్యూ చేసేవాళ్లకు కమిట్ మెయిళ్లు అన్నట్టు. ఇంటర్నెట్‌లో పాత వ్యాసాల్లో పోస్ట్-రిసీవ్-ఈమెయిల్ అనే షెల్ స్క్రిప్ట్ గురించి కనిపిస్తుంది. దాని స్థానంలో వచ్చిందే మల్టీమెయిల్, కొత్తగా పెట్టేవాళ్లు పాతదాని జోలికి పోనక్కర్లేదు.

పెట్టిన రోజునే మార్చుకోవాల్సిన సెట్టింగ్ ఒకటి ఉంది. ఒక పుష్‌లో ఎన్ని కమిట్ మెయిళ్ల దాకా పంపొచ్చు అన్నదానికి మల్టీమెయిల్‌లో ముందే ఉన్న అంకె 500. పాత ప్రాజెక్టును మొదటిసారి సర్వర్‌లోకి ఎక్కించిన రోజు నాలుగు వందల మెయిళ్లు ఒక్కసారిగా అందరికీ పడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మేము దాన్ని 20కి తగ్గించాం. అది దాటితే సారాంశం ఒక్కటే వస్తుంది.

మెయిల్ నెమ్మదిగా వెళ్తుంటే పుష్ చేసినవాళ్ల స్క్రీన్ కూడా అలాగే నిలబడిపోతుంది, ఎందుకంటే హుక్ పని అయ్యేదాకా పుష్ ముగియదు. మెయిల్ సర్వర్ చాలా దూరంలో ఉంటే, సర్వర్‌లోనే పోస్ట్‌ఫిక్స్ లాంటి మెయిల్ పంపే ప్రోగ్రామ్ పెట్టి మెయిల్‌ను దానికి అప్పజెప్పండి. అది క్యూలో పెట్టుకుని తన వేగంలో పంపుకుంటుంది. హుక్ ఫైల్‌కు ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇవ్వడం మర్చిపోతే గిట్ దాన్ని నడపదు. సబ్‌వర్షన్ వాళ్లయితే ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. అక్కడ హుక్స్ ఖాళీ ఎన్విరాన్‌మెంట్‌లో (ఏ ప్రోగ్రామ్ ఎక్కడుందో తెలియని స్థితిలో) నడుస్తాయి, కాబట్టి స్క్రిప్ట్‌లో ప్రతి ప్రోగ్రామ్‌కూ పూర్తి పాత్ రాయాలి. చేత్తో నడిపితే పనిచేసిన స్క్రిప్ట్ హుక్‌గా పెడితే పనిచేయకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

మెయిల్ మోసుకెళ్లేది ఎవరు

ఏ హుక్ అని గంటలు చర్చించుకుంటాం గానీ, ఎక్కువగా తెగేది ఇక్కడే. మా తొమ్మిది రోజుల కథ కూడా ఇదే.

మేము కంపెనీ జీమెయిల్ అకౌంట్‌తో పంపేవాళ్లం. 2022 మే 30 తర్వాత మామూలు పాస్‌వర్డ్‌తో స్క్రిప్ట్‌ల నుంచి జీమెయిల్‌లోకి లాగిన్ అవడం కుదరడం లేదు. టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుని, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. అలాగే తీసుకున్నాం, బాగా నడిచింది. ఒకరోజు అకౌంట్స్ చూసే మేడం జాగ్రత్త కోసం ఆ జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చారు. అసలు పాస్‌వర్డ్ మారితే యాప్ పాస్‌వర్డ్‌లన్నీ రద్దయిపోతాయి. ఆవిడకు ఆ సంగతి తెలియదు, తెలిసిన మాకు పాస్‌వర్డ్ మారిన సంగతి తెలియదు. ఎర్రర్లు సర్వర్ లాగ్‌లో పడుతూనే ఉన్నాయి, చూసినవాళ్లు లేరు.

కాబట్టి జీమెయిల్ వాడాలనుకుంటే ఈ పనికి మాత్రమే ఒక కొత్త అకౌంట్ తెరవండి. బ్యాంకు మెయిళ్లు, కరెంటు బిల్లులు వచ్చే అకౌంట్‌ను వాడొద్దు. ఉచిత జీమెయిల్‌లో రోజుకు 500 మెయిళ్ల దాకానే పంపగలం. చిన్న టీమ్‌కు అది ఎక్కువే.

సొంత సర్వర్ నుంచి నేరుగా 25వ పోర్ట్ ద్వారా పంపుదామంటే చాలా క్లౌడ్ కంపెనీలు దాన్ని మూసే ఉంచుతాయి. తెరిచి ఉన్నా, డొమైన్‌కు ఎస్‌పీఎఫ్, డీకేఐఎం రికార్డులు (మెయిల్ నిజంగా ఆ డొమైన్‌దేనని రుజువు చేసేవి) లేకపోతే మెయిళ్లు స్పామ్‌లోకి పోతాయి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఈ విషయంలో ఇంకా గట్టిగా ఉంటోంది. సొంత డొమైన్ ఉన్న కంపెనీలకు అమెజాన్ ఎస్‌ఈఎస్ లాంటి మెయిల్ పంపే సర్వీస్ నయం. వెయ్యి మెయిళ్లకు 10 సెంట్లు, ముంబై రీజియన్‌లో దొరుకుతుంది. కొత్త అకౌంట్‌ను మొదట శాండ్‌బాక్స్ అనే ప్రయోగ దశలో ఉంచుతారు. రోజుకు 200 మెయిళ్లు, అవి కూడా మనం వెరిఫై చేయించిన అడ్రసులకే వెళ్తాయి. మన టీమ్‌లో ఐదారుగురే అయితే శాండ్‌బాక్స్‌లోంచి బయటికి రాకుండానే బండి నడిచిపోతుంది.

గిట్‌హబ్, గిట్‌ల్యాబ్ వెబ్‌సైట్లలో ఉన్న సదుపాయం వాడితే ఈ తలనొప్పి అంతా వాళ్లదే. నేను దాన్ని ముందు చెప్పింది ఇందుకే.

ప్రతి కమిట్‌కూ మెయిల్ కావాలా, సాయంత్రం ఒక్కటి చాలా?

నా ఓటు సాయంత్రం మెయిల్‌కే. రోజుకు నలభై మెయిళ్లు వచ్చే ఇన్‌బాక్స్‌లో మనుషులు రెండో వారానికే ఫిల్టర్ పెట్టేస్తారు. ఆరున్నరకు ఒక్క మెయిల్ వస్తే బస్సులో రేణిగుంటకో పుత్తూరుకో వెళ్తూ చదివేస్తారు.

గిట్‌హబ్‌లో ఉన్నవాళ్లు దీన్ని గిట్‌హబ్ యాక్షన్స్‌తో (చెప్పిన టైముకో, పుష్ పడినప్పుడో స్క్రిప్ట్ నడిపే సదుపాయం) చేసుకోవచ్చు. ప్రైవేట్ రిపోలకు ఉచిత అకౌంట్‌లో నెలకు 2000 నిమిషాలు ఇస్తారు, రోజుకు ఒక నిమిషం పని అందులో ఒక మూలకు కూడా రాదు. టైము ఇచ్చేటప్పుడు మన టైముకంటే ఐదున్నర గంటలు వెనక్కి లెక్కేయాలి. 13:07 అని ఇస్తే మనకు సాయంత్రం 6:37. సరిగ్గా 13:00 అని ఇవ్వకండి, గంట కొట్టే సమయానికి రద్దీ ఎక్కువ ఉండి ఆలస్యమవుతుంది.

ఇందులో రెండు గుంతలు ఉన్నాయి. కోడ్ దించుకునే చెకౌట్ స్టెప్ మామూలుగా చివరి కమిట్ ఒక్కటే తెస్తుంది. ఫెచ్-డెప్త్ విలువ సున్నా అని ఇస్తేనే చరిత్ర మొత్తం వస్తుంది. లేకపోతే రోజూ ఒక్క కమిట్ ఉన్న మెయిలే వస్తుంది, అది నిజమే అనుకుంటారు. రెండోది ఇంకా లోతైనది. గత 24 గంటల కమిట్లు చూపించు అని అడిగితే గిట్ చూసేది కమిట్ తేదీని, పుష్ చేసిన తేదీని కాదు. పండక్కి ఊరెళ్లిన అబ్బాయి నెట్ లేని చోట మూడు రోజులు పనిచేసి, తిరిగొచ్చి అన్నీ ఒకేసారి పుష్ చేశాడనుకోండి. ముందు రెండు రోజుల కమిట్లు ఏ సాయంత్రం మెయిల్‌లోనూ కనిపించవు. దీనికి మేము చేసింది, నిన్న మెయిల్ పంపినప్పుడు చివరి కమిట్ నంబర్ ఏదో దాచుకుని, ఈరోజు దాని తర్వాత చేరినవన్నీ చూపించడం.

సాయంత్రం మెయిల్‌ను నేను ఇంతగా సమర్థించడానికి అసలు కారణం వేరే ఉంది. కమిట్లు ఏమీ లేని రోజు కూడా "ఈరోజు మార్పులు లేవు" అని ఒక లైనుతో మెయిల్ పంపిస్తాం. ఇప్పుడు మెయిల్ రాకపోతే దానికి ఒకే అర్థం ఉంది, ఏదో తెగింది. ఏడింటికల్లా ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ప్రతి కమిట్‌కూ మెయిల్ వచ్చే ఏ పద్ధతిలోనూ ఇది లేదు. పబ్లిక్ రిపో అయితే 60 రోజులు ఏ కదలికా లేకపోతే షెడ్యూల్‌ను గిట్‌హబ్ తనంతట తానే ఆపేస్తుంది. అదీ ఈ లైను రాకపోవడంతోనే బయటపడుతుంది.

వెబ్‌హుక్ (పుష్ పడగానే గిట్‌హబ్ మన సర్వర్‌కు పంపే కబురు) పెట్టి సొంత ప్రోగ్రామ్‌తో మెయిల్ పంపించడం కూడా ఒక దారే. బిల్లింగ్, టికెట్లు, ఇంకో నాలుగు సిస్టమ్‌లకు కలపాలనుకునేవాళ్లకు అది కావాలి. కేవలం మెయిల్ కోసమైతే వద్దు. గిట్‌హబ్ పంపినదానికి 10 సెకన్లలో జవాబు ఇవ్వాలి, బయటి నుంచి చేరగల అడ్రస్ ఉండాలి. ఆ సమయానికి మన సర్వర్ కరెంటు పోయి ఆగి ఉంటే గిట్‌హబ్ దాన్ని మళ్లీ తనంతట తాను పంపదు.

వేరేవాళ్ల ఓపెన్ సోర్స్ ప్రాజెక్టును గమనించాలంటే మనకు అడ్మిన్ హక్కు ఉండదు. గిట్‌హబ్‌లో పబ్లిక్ రిపో కమిట్ల పేజీ అడ్రస్ చివర డాట్ ఆటమ్ అని చేరిస్తే ఫీడ్ (కొత్త కమిట్ల జాబితా) వస్తుంది. దాన్ని ఫీడ్‌ను మెయిల్‌గా మార్చే ఏ సర్వీస్‌కైనా ఇచ్చేయండి.

మరి మీకేది?

ఎస్వీ యూనివర్సిటీలోనో, మహిళా విశ్వవిద్యాలయంలోనో ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ చేస్తున్న నలుగురైతే గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో గ్రూప్ అడ్రస్ పెట్టుకోండి. గైడ్‌ను కూడా ఆ గ్రూప్‌లో చేర్చండి. ఎవరు పనిచేశారు అన్న వాదన రివ్యూ రోజు రాదు. ఇంతకంటే ఏమీ చేయొద్దు, ఆ టైమును ప్రాజెక్ట్ మీద పెట్టండి.

ఐదు నుంచి పదిహేను మంది ఉండి, లాడ్జీలకో ట్రావెల్స్‌కో ఫ్యాక్టరీలకో సాఫ్ట్‌వేర్ ఇచ్చే కంపెనీ అయితే సాయంత్రం మెయిల్ అందరికీ, డబ్బు లెక్క ఉన్న ఫోల్డర్లలో మార్పు పడితే మాత్రం అప్పటికప్పుడు మెయిల్ ఇద్దరికి. యాక్షన్స్‌లో ఫలానా ఫోల్డర్ మారితేనే నడువు అని చెప్పొచ్చు. మేము ఇప్పుడు ఇలాగే నడుపుతున్నాం. కాటా లెక్క ఉన్న ఫోల్డర్‌ను ఎవరు ముట్టుకున్నా నిమిషాల్లో మెయిల్ వస్తుంది, మిగతాదంతా సాయంత్రానికి.

గిట్‌ల్యాబ్‌లో ఉన్నవాళ్లకు డీఫాల్ట్ బ్రాంచ్ మాత్రం ఎంచుకుని, డిఫ్ (మారిన కోడ్) ఆపేసి, ఈమెయిల్స్ ఆన్ పుష్ చాలు. సొంత సర్వర్ ఉండి, దాన్ని చూసుకునే మనిషి నెలజీతంతో ఉన్నవాళ్లు మల్టీమెయిల్ పెట్టుకోండి. ఆ మనిషి లేకపోతే సొంత సర్వర్ గురించే మళ్లీ ఆలోచించండి.

ఏది ఎంచుకున్నా పెట్టిన రోజు మూడు రకాలుగా పుష్ చేసి చూడండి. మామూలు కమిట్ ఒకటి, కొత్త బ్రాంచ్ ఒకటి, కమిట్ మెసేజ్ తెలుగులో రాసింది ఒకటి. మూడోది ప్రశ్న గుర్తులతో వస్తే స్క్రిప్ట్ తెలుగు అక్షరాలను మోయగల యూటీఎఫ్-8లో పంపడం లేదని అర్థం. మా చిత్తూరు కుర్రాడు కమిట్ మెసేజ్‌లు తెలుగులోనే రాస్తాడు, ఆ ఫ్యాక్టరీ వాళ్లు కూడా ఇప్పుడు సాయంత్రం మెయిల్ చదువుతున్నారు.